ఊక గుట్ట మీద అరగంట

పోయిన నెల మిర్యాలగూడ నుంచి బస్సులో వస్తుంటే, ఊరి పొలిమేర దాటకముందే కిటికీలోంచి ఊక దూసుకొచ్చింది. వానాకాలం కోతలు మొదలై మిల్లులు అప్పుడే తెరిచినట్టున్నారు. గాలి నిండా ఉడికిన వడ్ల ఆవిరి, పొగ, కొత్త ఊక వాసన. ఒక నలుసు మెడ వెనక రవికె అంచులో ఇరుక్కుని ఒకటే గుచ్చడం. పక్క సీటులో కూర్చున్న అమ్మాయి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, "కిటికీ మూయండి ఆంటీ, దురద పెడ్తది" అంది. మూశాను. మూసి, మిల్లుల వెనక లేస్తున్న పసుపుపచ్చ గుట్టల్ని అద్దంలోంచి మెడ తిప్పి తిప్పి చూస్తూ కూర్చున్నాను. అరవై దాటిన మనిషి ఊక కుప్పల్ని అంత ఆశగా చూడటం ఆ పిల్లకు వింతగానే అనిపించి ఉంటుంది. పాపం, ఆమెకు రూతమ్మ మేడం తెలియదు కదా.

రూతమ్మ మేడం నాకు పై అధికారి. ఎనభైల చివర్లో నేను ఏఎన్ఎం‌గా కొత్తగా ఉద్యోగంలో చేరేనాటికి ఆమె మాకు సూపర్‌వైజరు. ఊళ్ళు తిరిగి గర్భిణులను చూడటం, పసిపిల్లలకు టీకాలు వేయడం మా పని. మమ్మల్ని చూసుకోవడం ఆవిడ పని. యాభై ఏళ్ళు ఉంటాయేమో. పొట్టిగా, సన్నగా, తెల్లచీరలో ఎప్పుడూ ఎక్కడికో బయల్దేరుతున్నట్టే ఉండేది. మిర్యాలగూడలో తరాలుగా ఉన్న క్రైస్తవుల కుటుంబం వాళ్ళది, తండ్రి బడిపంతులు. నర్సు చదువు కాగానే ఆమె మిలిటరీ దవాఖానలో చేరి ఆరేళ్ళు కశ్మీరులో పనిచేసింది. తల్లికి పక్షవాతం వస్తే ఉద్యోగం వదిలి ఇంటికొచ్చి, తల్లి పోయేదాకా సేవచేసి, మళ్ళీ ఇక్కడ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టింది. ఇంతవరకే మాకు తెలుసు. కశ్మీరు గురించి ఎవరైనా అడిగితే, "సలి ఎక్కువ" అని రెండు మాటల్లో తేల్చేసేది.

ఆమె గొంతు పెంచగా నేను వినలేదు. అందుకే మాకు ఆవిడంటే అంత హడల్. అరిచేవాళ్ళకు ఎలాగోలా సర్దిచెప్పుకోవచ్చు. ఊరికే చూసేవాళ్ళతో ఏం చేస్తాం? నేను చేరిన రోజు నా అరచేతిలో ఇంత ఐసు ముక్క పెట్టి, "ఎంతసేపు పట్టుకుంటవో పట్టుకో" అంది. నాకు చిన్నప్పటి నుంచీ పంతం ఎక్కువ. గుప్పిట బిగించి కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా పట్టుకున్నాను. మెచ్చుకుంటుందని చూస్తే, నా వేళ్ళు విడదీసి తిమ్మిరెక్కి పాలిపోయిన అరచేయి నాకే చూపించింది.

"మొండిదానివే సుగుణా. మందుకు ఎంత సల్లగుంటే అంత మంచిదనుకుంటున్నవ్ గద? సలి గూడ కాలుస్తది. యాది పెట్టుకో."

నేను 'మొండిదానివి' అన్న మాట ఒక్కటే యాది పెట్టుకున్నాను. మిగతాది ఆ చెవిన విని ఈ చెవిన వదిలేశాను. నా కొంప ముంచింది ఆ వదిలేసిన ముక్కే.

నా పరిధిలో త్రిపురారం దగ్గర ఒక లంబాడి తండా ఉండేది. అంతకుముందు ఏడాది ఎవరో టీకా వేస్తే ఒక పసివాడికి జ్వరం బాగా వచ్చిందట. అప్పటి నుంచి ఆ తండాలో మా టీకా డబ్బా కనపడితే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని చేలల్లోకి పోయేవారు. బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచి వెళ్ళడం, ఖాళీ చేతులతో తిరిగి రావడం, ఆరు నెలలు ఇదే వరస. చివరికి మంగ్తి దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. మంగ్తి ఆ తండాలో కాన్పులు చేసే పెద్దామె. ఆమె ఊ అంటే ఊ, కాదంటే కాదు. ఆమె మిరపకాయల తొడిమెలు తీస్తుంటే నేనూ తీసేదాన్ని. ఆమె కాన్పు చేస్తే బ్లేడు, దారం ఉడికించి ఇచ్చేదాన్ని. ఒకరోజు తనంతట తనే అంది: "ముందుగాల నా మనుమనికి ఎయ్యి. ఆడు మంచిగుంటే మిగిలినోళ్ళు ఇగ ఆళ్ళే వస్తరు."

ఆ వచ్చే వారమే టీకాల రోజు. ఆ రోజుల్లో టీకా మందు సీసాల్ని ఐసు పెట్టిన డబ్బాలో మోసుకెళ్ళాలి. ఎండ చూస్తే మండిపోతోంది, తండా చూస్తే దూరం. మధ్యలో ఐసు కరిగితే మందు పాడై ఆరు నెలల కష్టం గంగపాలవుతుందని నాకు ఒకటే బెంగ. మిర్యాలగూడ ఐసు ఫ్యాక్టరీలో ఊక దట్టించి గోనెసంచిలో చుట్టిన దిమ్మ కొనుక్కుంటుంటే, పక్కన ఐస్‌ఫ్రూట్ బండి అతను తన పెట్టెలో దోసెడు దొడ్డు ఉప్పు పోస్తూ కనపడ్డాడు. ఎందుకని అడిగాను. "ఉప్పేస్తే గట్టిగుంటది సెల్లె. పొద్దుమీకిందాక కరగది" అన్నాడు. నాకు ఎక్కడలేని తెలివీ వచ్చేసింది. రెండు గుప్పెళ్ళ ఉప్పు అడిగి తీసుకుని నా డబ్బాలో ఐసు మీద చల్లాను. తండాకు వెళ్ళి మూత తీసేసరికి మందు సీసాలు రాళ్ళలా బిగుసుకుపోయి ఉన్నాయి. ఇంత చల్లగా మా తాలూకాలోనే ఎవరూ తెచ్చి ఉండరని మురిసిపోతూ, వాటిని అరచేతుల్లో కరిగించి, మంగ్తి మనవడితో మొదలుపెట్టి పంతొమ్మిది మంది పిల్లలకు వేశాను. ఆ సాయంత్రం మూడు కిలోమీటర్లూ కాళ్ళు నేలమీద ఆనకుండా నడిచాను.

పది రోజుల తర్వాత మేడం జీపులో నన్ను కూడా ఎక్కించుకుంది. నెలకోసారి ఆమె సూర్యాపేటలో టీకా మందు తీసుకుని కోదాడలో కొంత, మిర్యాలగూడలో కొంత దింపి, దారిలో పదిరకాల పనులు చక్కబెట్టుకుంటూ సాయంత్రానికి తిరిగొచ్చేది. డ్రైవరు సైదులు ఆమెకు కుడిభుజం. ఆ ఉదయం మందు పెట్టెలు ఎక్కించుకున్నాక జీపు నేరుగా ఒక వడ్రంగి కొట్టం ముందు ఆగింది. ఆయన రెండు పొడుగాటి టేకు పలకలు తెచ్చిచ్చాడు. మనిషి ఎత్తుకన్నా కాస్త ఎక్కువ, జానెడు కూడా లేని వెడల్పు. ముందు కొసలు ఆవిరిలో వంచి పైకి లేపినట్టున్నాయి. మేడం వాటిని తిప్పి కింది వైపు అరచేత్తో నిమిరి చూసి, "మంచిగ తీసినవ్ తాతా" అంది. సైదులు వాటిని జీపు మీద కట్టేశాడు.

"అల్మారాకా మేడం?" అని అడిగాను.

"కాదు" అంది. సైదులు మీసాల్లో నవ్వుకున్నాడు. అంతకన్నా ఎవరూ ఏమీ చెప్పలేదు.

కోదాడ దవాఖానలో మందులిచ్చే ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చి, "రండమ్మా రండి, మీ కోసమే చూస్తున్నాం. టిఫిను చేసి వెళ్దురుగాని" అన్నాడు. మేడం సీసాలు లెక్కపెట్టి, సంతకం తీసుకుని, "ఇంకోపారి" అంటూ మళ్ళీ జీపెక్కింది. నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ఈ మనిషి ఇంత హడావుడిగా ఎక్కడికి పరిగెత్తుతోందో నాకు అర్థం కాలేదు. హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ దారి పట్టాం. ఆకలి మరిచిపోవడానికి నా గొప్ప చెప్పుకుందామనిపించింది. తండా సంగతి మొదలుపెట్టాను. మంగ్తి ఒప్పుకోవడం, పంతొమ్మిది మంది పిల్లలు, అన్నీ చెప్పాను. మేడం మొహం విచ్చుకుంది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది.

"ఐసు గూడ ఒక్క సుక్క కరగనియ్యలే మేడం. ఉప్పేసి తీస్కపోయిన. సీసాలన్నీ గడ్డ కట్టినయి!"

ఆమె సీటులో నా వైపు తిరిగింది. నెమ్మదిగా అడిగింది: "ఆ దినం మిగిలిన సీసాలు ఉన్నయా?"

"రెండున్నయి. వాపస్ ఇద్దామని తెచ్చిన."

"సైదులూ, మిల్లు కాడ ఆపు."

మిర్యాలగూడ బయట రోడ్డును ఆనుకునే ఉండేది ఆ మిల్లు. వెనక రెండంతస్తుల మేడంత ఎత్తున ఊక గుట్ట. వాచ్‌మన్ మేడాన్ని చూడగానే గేటు తీసి నమస్తే పెట్టాడు. ఆమె ఇక్కడికి కొత్త కాదని తెలిసిపోయింది. ఆమె వాచ్‌మన్ గది నీడలో స్టూలు వేయించి, నా సీసా ఒకటి, ఆ రోజు తెచ్చిన మంచి సీసా ఒకటి రెండు చేతుల్లో పట్టుకుని గట్టిగా ఊపి పక్కపక్కన పెట్టింది. రెండూ ఒకేలా తెల్లగా, మబ్బుగా ఉన్నాయి.

"ఉప్పు కలిస్తే ఐసుకు సలి ఇంక పెరుగుతది. ఈ మందు ఒక్కపారి గడ్డకట్టిందంటే ఖతం. పాలు ఇరిగినట్టే ఇరుగుతది. పైకెల్లి నీళ్ళు తేరుతయి, కింద పిండి కూసుంటది. మంచిదైతే గిట్లనే ఉంటది. అరగంట ఆగితే తెలుస్తది."

"ఇరిగితే... పిల్లలకు ఏమన్న ఐతదా మేడం?"

"ఏం గాదు. అదే బాధ. ఏసినా ఎయ్యనట్టే. కోరింత దగ్గొస్తే ఆగదు, ధనుర్వాతమొస్తే ఆగదు."

ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. ఇంట్లో తమ్ముడి చదువు నా జీతం మీదే నడుస్తోంది. దానికన్నా మంగ్తి మొహం ఎదురొచ్చి నిలబడింది. నాలోని తెలివైన మనిషి మళ్ళీ నోరు విప్పింది.

"మేడం, ఇంకో డోసు ఉందని చెప్పి మళ్ళా ఏసేస్త. ఎట్లాగు మూడు డోసులు ఏసేదే గద. ఎవ్వరికి తెల్వది."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "చెప్పొచ్చు" అంది. "ఎవ్వరికి తెల్వది." అని, వంగి చెప్పులు విప్పడం మొదలుపెట్టింది.

సైదులు పలకలు దించాడు. జీపు సీటు కింద నుంచి నల్లటి మిలిటరీ బూట్లు తీశాడు. మేడం బూట్లు తొడుక్కుని, చీర కుచ్చెళ్ళు కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి నాటు వేసే ఆడవాళ్ళలా గోచి పెట్టి బిగించింది. చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్క ఒకటి సంచిలోంచి తీసి పలకల అడుగున ఒళ్ళు రుద్దినట్టు రుద్దింది. సైకిల్ ట్యూబు పట్టీలతో పలకలకు బూట్లను కట్టుకుంటూ, నేను అడక్కుండానే చెప్పింది. కశ్మీరులో ఆమె పనిచేసిన దవాఖానకు మంచు మీద జారే విద్య నేర్చుకునే సిపాయిలు వచ్చేవారట, రోజుకొకరు కాలో చెయ్యో విరగ్గొట్టుకుని. ఇంత పాడు పని వీళ్ళెందుకు చేస్తున్నారో చూద్దామని ఒక ఆదివారం వెళ్ళిందట. ఆ ఆదివారం తర్వాత ఇక ఏ ఆదివారమూ మానలేదట.

"ఈడ మంచు యాడిది? మూడేండ్ల కింద ఈ ఊక సూసిన. మంచంత జారది. సగమన్న జారదు. జారినకాడికి జారుతది."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా బతుకు అక్కడ స్టూలు మీద కూర్చుని ఉంటే ఈవిడ ఆటలకు తయారవుతోంది. రోడ్డు మీద సూర్యాపేట బస్సు హారను వినిపించింది. నా సంచి భుజాన్నే ఉంది. పదడుగులు వేసి చెయ్యి ఊపితే బస్సు ఆగుతుంది. సూర్యాపేటలో ఇంటికి పోయి, ఈ ఉద్యోగం నాకొద్దని అమ్మ ఒళ్ళో తల పెట్టుకుంటే అయిపోతుంది. ఆ ఆలోచన ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది.

మేడం అప్పటికే గుట్ట ఎక్కుతోంది. పక్కకు తిరిగి, పలకలు అడ్డంగా పెట్టి, ఒక్కో అడుగూ మెట్టులా తొక్కుకుంటూ ఎక్కింది. ప్రతి రెండు అడుగులకూ చేతిలోని వెదురు కర్రను ఊకలో దించి చూసుకుంటోంది. "సీజన్ మొదట్ల గిదే పరేషాన్" అని పైనుంచి చెప్పింది. "పైపొర పల్చగుంటది. కింద నిరుడు ఊక వానలకు తడిసి గట్టిపడి ఉంటది. అది ఉన్నకాడ జారాలె, లేనికాడ మునుగుతం. కశ్మీర్ల గూడ మొదటి మంచుకు గిట్లనే కొట్టి సూస్తరు." అటు పక్కన బాయిలరు బూడిద కలిసిన నల్లటి చోటుకు మాత్రం అస్సలు పోలేదు. అక్కడ లోపల నిప్పు రోజుల తరబడి రగులుతుందట.

కొన మీద నిలబడింది. వెనక అంతా ఆకాశమే. మోకాళ్ళు కొంచెం వంచి, రెండు చేతులూ ముందుకు చాచి, గుట్ట అంచు మీదికి ఒంగింది. పడిపోతోందని నేను కేక పెట్టాను. పడలేదు. సర్రుమని ఒక చప్పుడు మొదలైంది. తెల్లచీర ఎడమకు ఒరిగింది, వెంటనే కుడికి ఒరిగింది. ఆమె వెనక ఊక ఎండలో బంగారు పొడిలా లేచి గాలిలోనే ఆగిపోయింది. పలకలు ఆమె కింద లేనట్టే ఉన్నాయి. ఆ వాలు మీద ఒక గీత ముందే గీసి పెట్టి ఉన్నట్టు, అది ఆమెకొక్కదానికే కనపడుతున్నట్టు, దాని వెంట దిగివచ్చింది. కింద మమ్మల్ని రాసుకుంటూ దాటి, రోడ్డు వైపున పక్కకు తిరిగి ఠక్కున ఆగితే దోసెడు ఊక ఎగిరి సైదులు నెత్తిన పడింది. బస్తాలు మోస్తున్న హమాలీలు బస్తాలతోనే నిలబడిపోయారు.

మహా అయితే అయిదారు క్షణాలు. నేను నోరు వెళ్ళబెట్టి చూశాను. నా భయం, ఆ సీసాలు, బస్సు ఏవీ గుర్తులేవు. మన మధ్య తిరుగుతూ, రిజిస్టర్లు దిద్దుతూ, మన చేతి సద్ది తింటూ ఉండే మనిషి లోపల ఇంత పెద్దది ఒకటి దాగి ఉంటుందని, అది ఎవరికీ చెప్పకుండా ఇరవై ఏళ్ళు ఊరుకోగలదని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె నవ్వుతోంది. పళ్ళన్నీ కనపడేలా నవ్వడం ఆమెకు వచ్చని కూడా అప్పుడే తెలిసింది. ఏడుపొచ్చింది నాకు, ఎందుకో చెప్పలేను.

"ఇగ నువ్వెక్కు" అంది.

"పానం మీదికొచ్చి ఉంటే ఆటలేంది మేడం?"

"సీసాలు అరగంటకు ముందు చెప్పవు. నిలవడి సూస్తుంటే నీ ఒణుకు తగ్గదు. ఎక్కు."

ఎక్కించింది. ఆ బూట్లు నాకు పెద్దవి, గుడ్డపీలికలు కుక్కింది. సగం ఎత్తు నుంచి కిందికి చూడగానే గుండె జారిపోయింది. పలకలు కదిలాయో లేదో నేను వెనక్కి పడ్డాను. నోట్లో ఊక, జడలో ఊక, రవికెలో ఊక. హమాలీలు పగలబడి నవ్వారు. మేడం వచ్చి చెయ్యిచ్చి లేపింది.

"ఎనుకకు ఒరిగినవ్. భయమైతే అందరం ఎనుకకే ఒరుగుతం. ఒరిగినంక పలకలు నీ మాట ఇనయ్. యాడికి పోవాలనో ఆ దిక్కే ఒంగు. పడితే పడ్తవ్, కనీసం ముంగట పడ్తవ్."

రెండోసారి నాలుగు బారల దూరం జారాను. జారడమంటే అదీ ఒక జారడమేనా! కళ్ళు సగం మూసుకుని, ఏసుప్రభువునూ జాన్‌పహాడ్ దర్గా సైదులునూ యాదగిరి నరసింహస్వామినీ ఒకేసారి తలుచుకుంటూ. అయినా పడలేదు. పలకలు విప్పుకుంటుంటే మేడం వాచీ చూసుకుంది.

ముగ్గురం స్టూలు దగ్గరికి నడిచాం. మంచి సీసా ఎలా పెట్టామో అలాగే తెల్లగా ఉంది. నా సీసాలో పైన సగం తేటనీళ్ళు, అడుగున సున్నం పేరినట్టు పిండి. చెప్పడానికేమీ మిగల్లేదు. మేడం ఆ సీసా నా చేతిలో పెట్టింది.

"త్రిపురారం పోదామా, సూర్యాపేట పోదామా? నువ్వే చెప్పు."

"చెప్తే ఆళ్ళు మళ్ళా ఎన్నడు రారు మేడం."

"రాకపోవచ్చు."

"మరెట్ల?"

"నాకు తెల్వది సుగుణా." అబద్ధమాడి ధైర్యం చెప్పడం ఆమెకు చేతకాదు. నేను సీసా కొంగున కట్టుకుని జీపెక్కాను. "త్రిపురారం" అన్నాను.

తండాలో మంగ్తి ఇంటి ముందు కూర్చుని వేరుసెనక్కాయలు వలుస్తోంది. నన్ను చూసి పీట జరిపింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే మాట మార్చేస్తానని నా మీద నాకే నమ్మకం లేదు. నిలబడే చెప్పేశాను. మందు గడ్డకట్టి పాడైంది, పిల్లలకు వేసింది పనిచెయ్యదు, మళ్ళీ వెయ్యాలి. మంగ్తి చేతులు ఆగిపోయాయి.

"మూడు దినాలు నా మనుమడు జరం తోటి కాలిండు. నేనే కాళ్ళు పిసుక్కుంట కూసున్న. ఉత్తగనా?"

"ఉత్తగనే."

"ఎవని తప్పు? మందుదా?"

మందుదే అనొచ్చు. ఐసుదీ అనొచ్చు. ముందుకు ఒంగడం ఎంత కష్టమో నాకు మిల్లు దగ్గర కాదు, అక్కడ తెలిసింది. "నాదే అవ్వా. ఉప్పు నేనే ఏసిన. కరగొద్దని ఏసిన."

సీసా తీసుకుని ఎండకు పెట్టి చూసింది. నలుగురు ఆడవాళ్ళు చేరారు. వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, గొంతులు మాత్రం అర్థమయ్యాయి. ఒకామె నా కాళ్ళ ముందు ఉమ్మేసింది. మంగ్తి సీసా నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మేడం జీపు పక్కన నిలబడి ఇదంతా చూసింది. ఒక్క మాట అడ్డం రాలేదు, ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. తిరిగొచ్చేటప్పుడు నేను దారిపొడుగునా ఏడుస్తుంటే ఆమె ఓదార్చలేదు. పక్కన కూర్చుని నా జడలోంచి ఊక ఒక్కొక్కటీ ఏరుతూ వచ్చింది.

పై అధికారులకు రాసిన కాగితంలో నా తప్పు ఉన్నదున్నట్టు రాసి, ఉప్పు సంగతి ముందే చెప్పకపోవడం తన తప్పని కూడా రాసింది. ఇద్దరికీ మెమోలు వచ్చాయి. ఆమె సర్వీసులో అదే మొదటిదని క్లర్కు నాకు చాటుగా చెప్పాడు. ఆ మాట విన్నాక వారం రోజులు ఆమె ఎదురుగా నిలబడటానికి నాకు మొహం చెల్లలేదు.

తర్వాతి టీకాల రోజు డబ్బా పెట్టుకుని తండా మధ్యలో ఒక్కదాన్నే కూర్చున్నాను. పొద్దున్నుంచి ఒక్కరూ రాలేదు. కోళ్ళు వచ్చి నా చుట్టూ తిరిగి పోయాయి. పొద్దు నడినెత్తికి వచ్చాక మంగ్తి మనవడిని చంకనేసుకుని వచ్చింది. వంగి నా డబ్బా మూత తనే తీసింది. లోపల్నుంచి చిన్న ఐసు ముక్క తీసి నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుని, వంట రుచి చూసినట్టు, చప్పరించింది. మళ్ళీ ఇంకో మూల నుంచి ఇంకో ముక్క. అప్పుడు తండా వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో గట్టిగా అరిచింది. నాకు మాత్రం తెలుగులో చెప్పింది: "ఉప్పు లేదు. ఎయ్యి." మనవడి తొడ నా వైపు తిప్పింది. సాయంత్రానికి పదకొండు మంది వచ్చారు. తర్వాతి రెండు నెలల్లో మిగతా ఎనిమిది మందీ వచ్చారు. ఆ తండాలో అదొక ఆనవాయితీ అయిపోయింది. ఎవరో ఒక పెద్దామె ఐసు చప్పరించి 'ఊ' అంటేనే టీకా. తొంభైలలో నేను బదిలీ అయ్యాక వచ్చిన అమ్మాయి నన్ను పట్టుకుని, "ఇదేం పిచ్చి అక్కా, ఐసు ఎంగిలి చేస్తరు" అని మొత్తుకుంది. ఏం చెప్పను? నవ్వి, ఉప్పు కథ మొదటి నుంచీ చెప్పాను.

రూతమ్మ మేడం తొంభైల మధ్యలో రిటైరైంది. మోకాళ్ళు పట్టేసి అప్పటికి నాలుగేళ్ళుగా పలకలు ఎక్కడం లేదు. మిర్యాలగూడలో వాళ్ళింటికి చూడటానికి వెళ్ళినప్పుడు ధైర్యం చేసి అడిగాను. నా మనసులో ఎన్నో ఏళ్ళుగా నలుగుతున్న ప్రశ్న అది. పంతొమ్మిది మంది పిల్లల సంగతి అక్కడ తేలకుండా ఉంటే, ఆ రోజు మీకు జారాలని ఎలా అనిపించింది మేడం?

ఆమె చాయ్ సాసర్‌లో పోసుకుంది.

"అనిపియ్యలే. నా చేతులు గూడ ఒణుకుతనే ఉండె. సైదులును అడుగు, నేను ఎప్పుడూ గుట్ట ఎనుక దిక్కే జారేదాన్ని. ఆడ వాలు మంచిగుంటది, ఎవ్వరు సూడరు. ఆ దినం నువ్వు సంచి భుజానేస్కొని బస్సు దిక్కే సూస్తున్నవ్. నేను ఒద్దంటే ఇంక జల్దిగ పోతవ్, మొండిదానివి. నిన్ను ఆపెతందుకు నాకు ఇంకేం తోచలే." ఒక గుక్క తాగింది. "అందుకని రోడ్డు దిక్కు దిగిన. నీకూ రోడ్డుకూ నడుమ వచ్చి ఆగిన."

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నా సర్వీసులో నేనూ సూపర్‌వైజర్నయ్యాను; నా కింద పనిచేసిన పిల్లలు తప్పులు చేసి మొహాలు పాలిపోయి నా గదిలోకి వచ్చేవారు. కొందరు నిజం చెప్పేవారు, కొందరు చెప్పబోయి ఆగిపోయేవారు. నేను మంచి మాటలు చెప్పడంలో గట్టిదాన్ని కాను, ఇప్పటికీ కాను. ఎవరైనా అలా వచ్చి నిలబడితే, మందలించేముందు, ఓదార్చేముందు, కుర్చీలోంచి లేచి వెళ్ళి ఆ పిల్లకూ గుమ్మానికీ మధ్య నిలబడేదాన్ని.